గోల్కొండ కోట చేతులు మారిన క్రమాన్ని గోడల మీద చదవడం

ఫతే దర్వాజాతో మొదలుపెట్టండి. గోడ కుతుబ్‌షాహీలది, ‘విజయద్వారం’ అన్న పేరు మాత్రం 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గెలిచిన ఔరంగజేబుది. కట్టినవాణ్ణీ పేరుపెట్టినవాణ్ణీ వేర్వేరుగా రాసుకోండి.

తర్వాత బాలాహిస్సార్ (కొండమీది లోపలి కోట) ద్వారం దగ్గరి జామీ మసీదు శాసనం. తేదీ హిజ్రీ 924. హిజ్రీ అంటే ఇస్లామిక్ చాంద్రమాన సంవత్సరం, మన సంవత్సరం కంటే కాస్త చిన్నది. అందుకే దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే క్రీ.శ. 1518. గుణించకుండా కలిపేస్తే 1546 వస్తుంది. మసీదు కట్టించిన సుల్తాన్ కులీ (కుతుబ్‌షాహీ వంశ స్థాపకుడు) 1543లోనే హతుడయ్యాడు! పైగా శాసనంలో ఏలిక పేరు సుల్తాన్ కులీది కాదు, అతని పైనున్న బహమనీ సుల్తాను మహమూద్ షాది. కాబట్టి కట్టించినవాడే అప్పటి రాజు అనుకోకూడదు.

కాకతీయుల మట్టికోట కోసం వెతికి అలసిపోకండి, కనబడేది దాదాపు అంతా తర్వాతి రాతికట్టడమే. ఈశాన్యాన ఉన్న నయాఖిల్లా 1656 మొఘల్ దాడి తర్వాత అబ్దుల్లా కుతుబ్‌షా పెంచిన భాగం.