బూట్ పెన్‌డ్రైవ్‌లో, సిస్టమ్ ఎన్‌వీఎంఈలో: సర్వర్ ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది?

బూట్ మెనూలో ఎస్‌ఎస్‌డీ లేదు
డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్720 లాంటి 2012 నాటి సర్వర్‌లో, పీసీఐఈ కార్డు మీద పెట్టిన ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) లినక్స్‌కి కనబడుతుంది, బూట్ మెనూలో మాత్రం ఉండదు. కార్డు పాడైందని వెనక్కి పంపేయకండి. బయాస్‌లో (మెషీన్ ఆన్ కాగానే ముందుగా నడిచే సాఫ్ట్‌వేర్) ఎన్‌వీఎంఈ డ్రైవర్ లేదు, అంతే. బయాస్ చూపించిన డిస్కుల్నే గ్రబ్ (లినక్స్‌ని లోడ్ చేసే ప్రోగ్రామ్) చదవగలదు. అందుకే గ్రబ్, కెర్నల్ (లినక్స్ అసలు గుండె), ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (అసలు డిస్కు దొరికేదాకా కెర్నల్ వాడుకునే చిన్న ఇమేజ్) ఉండే బూట్ ఫోల్డర్‌ని లోపలి యూఎస్‌బీ పోర్టులో చిన్న పెన్‌డ్రైవ్ మీద పెట్టి, మిగతాదంతా ఎన్‌వీఎంఈలో ఉంచాలి. కెర్నల్ మెమరీలోకి వచ్చాక బయాస్‌తో పనిలేదు.

గ్రబ్ రెస్క్యూ దగ్గర ఆగింది
మెనూ రాకుండా ఈ ప్రాంప్ట్ వచ్చిందంటే, గ్రబ్ తన మాడ్యూళ్లను (అదనపు భాగాలను) తనకు కనబడని డిస్కులో వెతుకుతోంది. ఎల్‌ఎస్ కొట్టి పెన్‌డ్రైవ్ పార్టిషన్ ఏదో చూసుకుని, ప్రిఫిక్స్ (మాడ్యూళ్లను వెతికే చోటు) దానికి సెట్ చేసి, నార్మల్ మాడ్యూల్ లోడ్ చేసి, నార్మల్ అని కొట్టండి. విడి పార్టిషన్ కాబట్టి పాత్ "/గ్రబ్", "/బూట్/గ్రబ్" కాదు. ఎక్కువమంది ఇక్కడే తికమకపడతారు. లోపలికెళ్లాక గ్రబ్-ఇన్‌స్టాల్‌ని పెన్‌డ్రైవ్ మీదకి మళ్లీ నడపండి.

మెనూ వచ్చింది, కానీ రూట్ యూయూఐడీ లేదంటోంది
రూట్ అంటే సిస్టమ్ ఉన్న పార్టిషన్, యూయూఐడీ అంటే దాని గుర్తింపు నంబరు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్‌లో, ఈ నంబర్లు చూపించే బీఎల్‌కేఐడీ కొట్టండి. ఎన్‌వీఎంఈ కనబడి యూయూఐడీ వేరేగా ఉంటే, డిస్కు మార్చాక అప్‌డేట్-గ్రబ్ (గ్రబ్ మెనూని తిరగరాసే కమాండ్) నడపలేదన్నమాట. అసలు కనబడకపోతే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్‌లో ఎన్‌వీఎంఈ మాడ్యూల్ (కెర్నల్ డ్రైవర్) లేదు. వేరే మెషీన్‌లో, మాడ్యూల్స్ సెట్టింగ్ "డెప్"గా (ఆ మెషీన్‌కి కావాల్సిన డ్రైవర్లే) ఉంచి చేసిన ఇమేజ్‌లకు ఈ తిప్పలు తప్పవు. లైవ్ యూఎస్‌బీతో లోపలికెళ్లి దాన్ని "మోస్ట్" (చాలావరకు డ్రైవర్లన్నీ) చేసి ఇమేజ్ మళ్లీ కట్టండి.

అప్‌డేట్ చేసినా పాత కెర్నలే
అసలు టెన్షన్ దీంతోనే, ఎందుకంటే ఎర్రర్ ఏమీ రాదు. నడుస్తున్న కెర్నల్ ఏదో చెప్పే యూనేమ్ -ఆర్ పాత వెర్షనే చూపిస్తుంది. కొన్నాళ్లకు ఎవరైనా ఆ పాత కెర్నల్ ప్యాకేజీని తీసేస్తే, దాని మాడ్యూళ్లు ఎన్‌వీఎంఈ నుంచి పోతాయి. తర్వాతి రీబూట్‌లో కెర్నల్ లేస్తుంది, నెట్‌వర్క్ కార్డు లేవకపోవచ్చు, అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) పోతుంది. ఐడ్రాక్ (డెల్ సర్వర్‌ని దూరం నుంచి నడిపే విడి చిప్) కన్సోలే దిక్కు.

కారణం: అప్‌డేట్ సమయంలో పెన్‌డ్రైవ్ మౌంట్ కాలేదు, అంటే బూట్ ఫోల్డర్‌కి అతుక్కోలేదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైలు) ఎస్‌డీబీ1 అని పేరు రాసి ఉంటుంది, ఆ పేరు మారిపోయి ఉంటుంది. పక్కన నోఫెయిల్ (మౌంట్ కాకపోయినా ముందుకెళ్లమనే మాట) ఉంటే సిస్టమ్ కిక్కురుమనదు. కొత్త కెర్నల్ కాస్తా ఎన్‌వీఎంఈలోని ఉత్త బూట్ ఫోల్డర్‌లో పడుతుంది.

ఒకందుకు అదే మేలు, నెట్ లేకపోయినా ఫైళ్లు చేతిలోనే ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌ని ఎంఎన్‌టీలో మౌంట్ చేసి కొత్త కెర్నల్, ఇమేజ్ ఫైళ్లు అందులోకి కాపీ చేయండి. తర్వాత ఎన్‌వీఎంఈలోని బూట్ ఫోల్డర్ ఖాళీ చేసి, ఆ ఖాళీ ఫోల్డర్‌కే చాటర్ +ఐ (అందులో ఏమీ రాయనివ్వని తాళం) పెట్టండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీ రాసి, బూట్‌ని మౌంట్ చేసి, అప్‌డేట్-గ్రబ్ నడపండి. ఇకపై మౌంట్ తప్పితే అప్‌డేటే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. నోఫెయిల్ తీసేయడం కన్నా నాకిదే నచ్చుతుంది, ఎందుకంటే పెన్‌డ్రైవ్ మౌంట్ కాకపోయినా సర్వర్ మాత్రం లేస్తుంది.

పెన్‌డ్రైవ్ చచ్చిపోయింది
డీడీతో (డిస్కుని ఉన్నదున్నట్టు కాపీ చేసే కమాండ్) తీసిన కాపీ ఒకటి డ్రాయర్‌లో ఉండాలి, కెర్నల్ మారినప్పుడల్లా దాన్నీ మార్చాలి. రెండూ ఒకేసారి పెట్టి ఉంచొద్దు. యూయూఐడీ ఒకటే కాబట్టి ఏది మౌంట్ అవుతుందో చెప్పలేం.