చార్జ్ దగ్గర తికమక: సమస్య - పరిష్కారం

సమస్య: కడప బస్టాండులో "చార్జీలు పెంచినారు" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఫోన్ చార్జింగ్, లాఠీచార్జి, చార్జిషీటు, కొత్త ఎస్పీ చార్జ్ తీసుకోవడం... అన్నీ నోట్లో నానే మాటలే. అదే బ్యాంకు పరీక్షలో "హి వజ్ చార్జ్‌డ్ విత్ తెఫ్ట్" అని వస్తే టెన్షన్. దొంగతనానికి డబ్బులు వసూలు చేశారనే జవాబుకే టిక్కు పడుతుంది.

కారణం: బస్సు చార్జీ చిన్నప్పుడే తలకెక్కింది కాబట్టి, ఎక్కడ చూసినా డబ్బే గుర్తొస్తుంది. ఎర్రముక్కపల్లిలో పేరు మోసిన బ్రౌన్ గ్రంథాలయం ఉన్న ఊరు మనది. అక్కడ కూర్చుని ఏ మంచి నిఘంటువు తీసినా ఒక్కో మాట కింద అర్థాలు వరుసగా ఉంటాయి. మొదటిది చూసి మూసేస్తే ఇంతే సంగతులు. అసలు ఈ మాట లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చింది. మొదటి అర్థం బండికి సరుకెత్తడం. బ్యాటరీకి కరెంటు, మనిషికి నేరం, జేబుకు ఖర్చు, ఆఫీసరుకు బాధ్యత: ఎత్తే బరువే వేరు. పాత తుపాకుల్లో మందు దట్టించడాన్నీ ఇదే మాటతో చెప్పేవారు.

పరిష్కారం: పక్కనున్న చిన్న మాట చూడండి. "ఫర్" ఉంటే దాదాపు ఎప్పుడూ డబ్బు. "ఎట్" ఉంటే మీదికి దూకడం. ఎద్దు కుమ్మడానికి వస్తే ఇదే. అసలు చిక్కు "ద"తో. "ద నర్స్ ఇజ్ ఇన్ చార్జ్ ఆఫ్ ద వార్డ్" అంటే వార్డు బాధ్యత నర్సుది. "ద పేషెంట్ ఇజ్ ఇన్ ద చార్జ్ ఆఫ్ ద నర్స్" అంటే పేషెంటు నర్సు సంరక్షణలో ఉన్నాడు. ఆ ఒక్క "ద" చూసుకోక మార్కులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

మనం ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు తిరగబడేవి రెండు. బస్సు టికెట్టు డబ్బుకు అక్కడ "ఫేర్" అంటారు, డెలివరీకైతే చార్జ్ అనొచ్చు. "మై ఫోన్ హాజ్ నో చార్జింగ్" మన తెలుగే. "మై బ్యాటరీ ఇజ్ డెడ్" అంటే సరిపోతుంది.

ఇక "విత్" ఉంటే ఎక్కువగా నేరం మోపడమే; పైన పరీక్షలో వచ్చిన వాక్యానికి అర్థం, అతని మీద దొంగతనం నేరం మోపారని. కానీ గుడ్డిగా నమ్మొద్దు. "షి వజ్ చార్జ్‌డ్ విత్ ట్రైనింగ్ ద స్టాఫ్" అంటే కేసేమీ లేదు, సిబ్బందికి శిక్షణ ఇచ్చే పని ఆమెకు అప్పగించారు. "విత్" తర్వాత వచ్చింది తప్పా, పనా అన్నది చూశాకే టిక్కు పెట్టండి.