చౌడు నేల పాఠాలు – 3: పాల చౌడా, కారు చౌడా?

పోయినసారి పీహెచ్ చూశాం కదా, 7 దగ్గర తటస్థం, కిందకెళ్తే ఆమ్లం, పైకెళ్తే క్షారం, ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు, అందుకని 8కీ 9కీ పెద్ద తేడా ఏముందిలే అనుకోకండి.

ఇవాళ అసలు చిక్కు. పైరు లేవకపోతే చాలు చౌడు అనేసి జిప్సం తెచ్చి చల్లేస్తున్నారు, చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే చౌడు రెండు రకాలు, వైద్యం కూడా వేరే. పాల చౌడులో ఉప్పు ఎక్కువ, ఎండాకాలం పైన తెల్లగా పేరుకుంటుంది, పీహెచ్ 8.5 లోపే, ఈసీ (మట్టిలో కరిగే ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) మాత్రం 4 దాటుద్ది. దానికి జిప్సంతో పని లేదు, మంచినీళ్లు నిలగట్టి ఉప్పుని కిందికి దింపి మురుగు కాలవలోకి పంపెయ్యాలి.

కారు చౌడు అలా కాదండి. అక్కడ సోడియం బంకమట్టిని పట్టుకుని ఉంటుంది, రేణువులు విడిపోయి సందులన్నీ మూసుకుపోతాయి, వాన పడితే నీళ్లు రోజుల తరబడి ఇంకవు, ఎండితే గడ్డపార దిగదు. పీహెచ్ 8.5 పైనే. జిప్సంలో కాల్షియం వెళ్లి ఆ సోడియంని తోసేస్తుంది, తోసేసిన సోడియం నీళ్లతో బయటికి పోవాలి, మురుగు దారి లేకపోతే జిప్సం డబ్బులు మట్టిలో పోసినట్టే.

ఇంట్లో చూసుకునే పద్ధతి: సీసాలో గుప్పెడు మట్టి, నిండా వాన నీళ్లు (బోరు నీళ్లు వద్దు, వాటిలోనే ఉప్పు ఉండొచ్చు), బాగా గిలక్కొట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నకి నీళ్లు తేటగా ఉంటే పాల చౌడు అయ్యుండొచ్చు, ఇంకా టీ నీళ్లలా మురికిగానే ఉంటే కారు చౌడు అనుమానించాలి. పక్కనే బాగా పండే చేను మట్టితో ఇంకో సీసా పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త, ఇది మర్చిపోవద్దు. రెండూ కలిసిన నేలలుంటాయి, ఉప్పు ఎక్కువుంటే బంకమట్టి కిందికి దిగిపోయి నీళ్లు తేటగా కనిపించి మోసం చేస్తాయి. అలాంటి చోట జిప్సం వెయ్యకుండా ఉత్త నీళ్లే పెట్టి కడిగితే ఉప్పు పోయి సోడియం మిగిలి నేల ఇంకా బిగుసుకుపోద్ది. అందుకే సీసా చూశాక భూసార పరీక్ష కాగితంలో పీహెచ్, ఈసీ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

నాలుగో పాఠంలో ఎకరానికి జిప్సం ఎంతో లెక్క కడదాం, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.