ఇసుక లేని రీఫ్ ట్యాంకులో పగడాల రంగు నిలవాలంటే

రీఫ్ ట్యాంకు అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. అడుగున ఇసుక లేకపోతే మడ్డి దాక్కోదు, అంతే, తీయాల్సింది మనమే. 200 లీటర్ల ట్యాంకుకు గంటకు మొత్తం 6000 లీటర్లు తిప్పేలా రెండు వేవ్‌మేకర్లు (నీటిని తోసే పంపులు) ఎదురెదురుగా పెట్టండి. రాళ్ల కింద నీరు పారేలా ఎత్తి పేర్చండి. మడ్డి ఎప్పుడూ ఒకే మూలకు చేరుతుంది. వారానికోసారి అక్కడి నుంచే 20 లీటర్లు సైఫన్‌తో లాగేయండి.

తీసిన నీటి బదులు పోసే కొత్త నీటికి గోదావరి డెల్టా బోరు నీళ్లు వద్దు, చాలాచోట్ల ఉప్పన. అంతర్వేది సముద్రపు నీళ్లూ వద్దు: వరదకు ఉప్పు పడిపోతుంది, ఒండ్రు కలుస్తుంది. ఆర్‌ఓ ఫిల్టర్ తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టే గుళికలు) పెట్టి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) సున్నాకు తేవాలి. 20 లీటర్లకు సుమారు 750 గ్రాముల రీఫ్ సాల్ట్ కలిపి, ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్లు) వచ్చేదాకా సరిచూడండి. రొయ్యల రైతు దగ్గర సెలైనోమీటర్ అడిగి తెచ్చుకోండి. చెరువులో చల్లే మినరల్ మిక్స్ మాత్రం తేవద్దు.

రంగు వెలిసిపోతే చాలామంది ఇంకా శుభ్రం చేస్తారు. అదే తప్పు. నైట్రేట్ 5–10, ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం (పది లక్షలకు పాళ్లు) ఉండాలి. రెండూ సున్నా అయితే పగడాలు పాలిపోతాయి, గోధుమరంగు జిగురు పడుతుంది. స్కిమ్మర్ (నురుగుతో మలినాలు తీసే పరికరం) తగ్గించి మేత పెంచండి. ఆ రెండూ మరీ ఎక్కువైతే పగడాలే గోధుమరంగుకు తిరుగుతాయి. ఆల్కలినిటీ (నీటి క్షారత) 8–9 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) ఉండాలి. రోజుకు 1 డీకేహెచ్ మించి మార్చకండి.

వేడి 25–27 డిగ్రీలు. కోనసీమ ఉక్కపోతలో నీరు ఆవిరవడం తక్కువ, కాబట్టి ఫ్యాను పెద్దగా చల్లార్చదు. మే నెలకు చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) తప్పదు. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు.

మన సముద్రంలోని రాతి పగడాలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, వాటి జోలికి పోకండి. జోయాంథస్, మష్రూమ్ అనే మెత్తటి రకాలతో మొదలుపెట్టండి.