మానసిక వ్యాధి ఉన్నవారికి తుంటి ఆపరేషన్: ఇన్ఫెక్షన్ రాకుండా ఎలా చూసుకోవాలి?

పుత్తూరు నుంచో శ్రీకాళహస్తి నుంచో తుంటి విరిగిన పెద్దవారిని తిరుపతికి తెచ్చినవారు బీపీ, షుగర్ మాత్రల గురించి వెంటనే చెబుతారు. మానసిక వ్యాధి మాత్రల దగ్గరికొచ్చేసరికి నోరు మెదపరు. అక్కడి ఆసుపత్రుల్లో రుయా అయినా, స్విమ్స్ అయినా, బర్డ్ అయినా ఇది దాచే చోటు కాదు. ఈ మాత్రల వల్ల మగతగా పడుకున్న మనిషి సరిగా దగ్గడు, నీళ్లు అడగడు, నొప్పి చెప్పడు. న్యుమోనియాకు, మూత్ర ఇన్ఫెక్షన్‌కు అదే అదను.

మొదటి పని: చేర్చేటప్పుడే పాత మందుల చీటీ డాక్టరుకు, ముఖ్యంగా మత్తు డాక్టరుకు చూపండి. మాత్రలు మీరే ఆపేయకండి. మానసిక వ్యాధికి లిథియం మాత్రలు వాడేవారికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఇస్తే రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరగవచ్చు. క్లోజపైన్ అనే మానసిక వ్యాధి మాత్ర కొందరిలో ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లరక్తకణాలను తగ్గిస్తుంది. జ్వరం వస్తే ఆ సంగతి మళ్లీ గుర్తు చేయండి.

డాక్టరు ఒప్పుకుంటే ఆపరేషన్ మరుసటి రోజే లేపి కూర్చోబెట్టాలి. భయపడి మొండికేస్తే, వారు నమ్మే మనిషిని ఫిజియోథెరపీ సమయానికి పక్కన ఉంచండి. గట్టిగా ఊపిరి తీయించండి, దగ్గించండి. పూర్తిగా మెలకువగా, నిటారుగా కూర్చున్నప్పుడే తినిపించండి. చూడటానికొచ్చిన బంధువులు మగతలో ఉన్నవారి నోట్లో తిరుమల లడ్డూ పెట్టబోతే మొహమాటపడకుండా ఆపండి. పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రసాదమైనా ప్రమాదమే.

మూత్రం గొట్టం ఉన్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. “ఇంకా అవసరమా సార్?” అని రౌండ్స్‌లో రోజూ అడగండి. సంచి ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, నేలను తాకకూడదు. పీకేసుకునే అలవాటుంటే నర్సుకు ముందే చెప్పండి. రోగిని ముట్టుకునే ముందు, తర్వాత శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు చేతులు రుద్దుకోండి. కట్టు విప్పి చూడకండి.

అన్నిటికంటే ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నిన్న బాగా మాట్లాడిన మనిషి ఈరోజు మనుషులను పోల్చుకోకపోతే, రాత్రంతా కలవరిస్తే, లేదా ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటే “పాత జబ్బే తిరగబెట్టింది” అనుకుంటారు. ఇన్ఫెక్షన్‌కు అదే తొలి గుర్తు కావచ్చు. పెద్దవారిలో జ్వరం లేకుండా కూడా రావచ్చు. “ఈ మార్పు కొత్తది, నిన్న లేదు” అని స్పష్టంగా చెప్పి పరీక్ష చేయమనండి.

ఇంటికొచ్చాక గాయం ఎర్రబడినా, చీము కారినా, ఆయాసం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక వ్యాధి మాత్రల్లో ఏవి మార్చారో డిశ్చార్జి కాగితంలో రాయించుకుని, పాత మానసిక వైద్యుడికి చూపండి. ఈ మధ్యలో మానసికంగా ఇబ్బంది పడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు.