కొత్త ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ వేసుకోవడం ఎలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. అప్పటినుంచి భీమవరంలో రొయ్యల మేత అమ్మే షాపు మొదలు అమలాపురంలో శుభలేఖలు వేసే డీటీపీ సెంటరు దాకా చాలామందిది ఒకటే ఆలోచన: పాత హార్డ్‌డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ (దానికన్నా వేగంగా నడిచే కొత్త రకం డిస్కు) పెట్టించి, విండోస్ 11 ఎక్కించేద్దామని. మంచి ఆలోచనే, మీరే చేసుకోవచ్చు కూడా. కాకపోతే సమయం చూసుకోండి. సార్వా కోతల్లో ధాన్యం లెక్కలు రాసే కంప్యూటర్ని, పెళ్లిళ్ల సీజన్లో డీటీపీ కంప్యూటర్ని విప్పకండి.

ముందు మీ మెషీన్ విండోస్ 11కి పనికొస్తుందా అన్నది తేలాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ మాట చెప్పేస్తుంది. దాదాపుగా ఇంటెల్ 8వ తరం లేదా ఆపై ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. అంతకన్నా పాతదైతే అడ్డదారిలో ఎక్కించేవాళ్లున్నారు గానీ, వ్యాపారం నడిచే కంప్యూటర్ మీద ఆ ప్రయోగం వద్దంటాను. ఇంట్లో పిల్లల చదువుకీ, యూట్యూబుకీ అయితే లినక్స్ మింట్ వేసుకోండి, హాయిగా నడుస్తుంది. లెక్కలు రాసే ట్యాలీ, డీటీపీలో తెలుగుకి వాడే అను ఫాంట్ల మేనేజరు మాత్రం అందులో నేరుగా నడవవు.

ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు, పాత డెస్క్‌టాప్ అయితే 2.5 అంగుళాల సాటా రకం అడగండి. ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాటు ఉంటే కాస్త జాగ్రత్త: అందులో పెట్టే సాటా ఎం.2, ఎన్‌వీఎంఈ అనే రెండు రకాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని స్లాటులో రెండోది పనిచేయకపోవచ్చు. మోడల్ నంబరు షాపువాళ్లకి చూపించి కొనండి. ఆఫీసు పనికి 256 జీబీ చాలు.

విప్పకముందే, పాత విండోస్‌లో ఉండగానే కొన్ని పనులు తెముల్చుకోవాలి. ట్యాలీ లైసెన్సు సరెండర్ చేయండి (అంటే పాత విండోస్ నుంచి విడిపించుకోండి), డేటా బ్యాకప్ తీయండి. డీటీపీ వాళ్లు అను ఫాంట్లన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి; అవి లేకపోతే ఏళ్ల తరబడి దాచిన శుభలేఖల ఫైళ్లు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలే కనిపిస్తాయి. డిస్కుకి బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేయండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఫాంట్లు దాచిన పెన్‌డ్రైవ్ దీనికి వాడొద్దు. డౌన్‌లోడ్ కొన్ని జీబీలుంటుంది, ఫోన్ డేటాతో పెట్టుకుంటే ఆ రోజు కోటా అయిపోతుంది. ఫైబర్ కనెక్షన్ ఉన్నచోట చేసుకోండి.

అసలు కిటుకు ఇక్కడుంది. కరెంటు తీసేసి, కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించి, పాత హార్డ్‌డిస్కు వైర్లు రెండూ ఊడదీయండి. రెండు డిస్కులూ ఉంచి ఇన్‌స్టాల్ చేస్తే, విండోస్ కొత్తదాంట్లో పడినా దాన్ని మొదలుపెట్టే బూట్ ఫైళ్లు పాత డిస్కులోనే కూర్చునే వీలుంది. ఆర్నెల్ల తర్వాత పాతది పాడైతే కొత్తది కూడా లేవదు. పైగా ఇన్‌స్టాల్లో చెయ్యి జారి డిలీట్ నొక్కినా, ఊడదీసిన డిస్కులో లెక్కలు భద్రం. యూపీఎస్ లేకుండా మాత్రం మొదలెట్టకండి, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తారు.

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవోలకు మామూలుగా ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే, ముందు యూఈఎఫ్‌ఐ అని ఉన్నదే ఎంచుకోండి. ప్రొడక్ట్ కీ అడిగితే 'నా దగ్గర లేదు' అనండి. పాత విండోస్ సక్రమంగా యాక్టివేట్ అయి ఉంటే లైసెన్సు మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది, నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఎడిషన్ మాత్రం పాతదే, హోమ్ అయితే హోమే ఎంచుకోండి. డిస్కుల జాబితాలో అన్‌అలొకేటెడ్ స్పేస్ (ఇంకా విభజించని ఖాళీ జాగా) ఒక్కటే కనబడాలి. దాన్ని ఎంచుకుని నెక్స్ట్ నొక్కితే పార్టిషన్లు అదే చేసుకుంటుంది. 11వ తరం, ఆపై ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి జాబితా ఖాళీగా కనిపిస్తుంది. డ్రైవ్ పాడైందని టెన్షన్ పడొద్దు, కంపెనీ సైటు నుంచి ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ తెచ్చి లోడ్ చేస్తే కనిపిస్తుంది.

మొదటిసారి రీస్టార్ట్ అయ్యేటప్పుడు ఏ కీ ముట్టుకోకండి, లేదంటే సెటప్ మళ్లీ మొదలవుతుంది. వైఫై కనిపించకపోతే ఫోన్ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి.

అప్‌డేట్లన్నీ పడ్డాక కంప్యూటర్ ఆపి, పాత డిస్కు తగిలించి, బయోస్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెటప్) బూట్ వరుసలో కొత్తదాన్ని మొదట పెట్టండి. పాతదాంట్లోని యూజర్స్ ఫోల్డరులో మీ ఫైళ్లుంటాయి, కాపీ చేసుకోండి. కనీసం ఒక నెల బిల్లింగ్ కొత్తదాని మీద సాఫీగా సాగేదాకా ఆ డిస్కుని ఫార్మాట్ చేయకండి.