మారొచ్చులే అనుకుని మారుమూల కాలేజీకి పంపకండి

మొన్న ఆదివారం మా పాత విద్యార్థిని తండ్రి ఒకాయన నల్గొండలో మా ఇంటికొచ్చారు. చేతిలో అమెరికా కాలేజీ అడ్మిషన్ లెటర్ ఉంది. మొత్తం పద్దెనిమిది వందల మంది చదివే లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అది, అంటే రకరకాల సబ్జెక్టులు కలిపి డిగ్రీ చదివించే చిన్న కాలేజీ. డిపాజిట్ కట్టడానికి మే 1 దాకా గడువు. "మంచిదే గదా సార్? ఏమన్న తేడా వస్తే రెండో ఏడు డల్లాస్ దిక్కు వేరే కాలేజీకి మార్చుకోవచ్చని కన్సల్టెన్సీలో చెప్పిన్రు" అన్నారు.

ఆ రెండో మాటకే నాకు గుండె జల్లుమంది. మూడేళ్ల కిందట ఇదే మాట నమ్మి వెళ్లిన పిల్లాడికి రెకమెండేషన్ లెటర్ రాసింది నేనే. అందుకే గడువు దగ్గరపడే ఈ రోజుల్లో నాకు తెలిసింది రాస్తున్నాను. వీసా ఇంటర్వ్యూ ఎలా, బట్టలు ఏం సర్దాలి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి. అవి వదిలేస్తున్నాను.

ముందే ఒకటి చెప్పాలి. ఈ కాలేజీలు చెడ్డవి కావు. పేరులో ఆర్ట్స్ ఉన్నా లెక్కలు, ఫిజిక్స్, బయాలజీ, కంప్యూటర్ సైన్స్ కూడా ఉంటాయి. చాలా క్లాసుల్లో ఇరవై మందికి మించరు. పాఠం ప్రొఫెసరే చెబుతారు, వ్యాసం ఆయనే దిద్దుతారు. చదవడమంటే ప్రాణం పెట్టే పిల్లలకు ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టం. ప్రమాదమంతా ఎలాంటి మనసుతో వెళ్తున్నారన్న దాంట్లో ఉంది.

అన్నిటికంటే పెద్ద తప్పు

మారొచ్చులే అనుకుని వెళ్లడం.

నేను లెటర్ రాసిచ్చిన ఆ మా పిల్లాడు ఎంపీసీలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడు. వెళ్లిన మొదటి నవంబరులో వీడియో కాల్ చేశాడు. థాంక్స్‌గివింగ్ సెలవులు. రూమ్మేట్ వాళ్ల ఊరికి పోయాడు, మెస్ మూసేశారు, ఊళ్లోకి బస్సు లేదు. ఓట్స్ నానబెట్టుకుని, వాళ్లమ్మ ప్యాక్ చేసిచ్చిన మామిడికాయ పచ్చడి కలుపుకుని తింటున్నాడు. ఫోన్ తిప్పి కారిడార్ చూపించాడు. అంతా చీకటి. రెండడుగులు వేయగానే తలమీద లైటు దానంతటదే వెలిగింది. "ఎవరన్న నడిస్తేనే వెలుగుతది సార్. నాలుగు రోజుల సంది నేనొక్కన్నే నడుస్తున్న" అన్నాడు.

స్నేహితులెవరూ లేరా అని అడిగాను. "ఎట్లయినా మారతా గదా సార్, ఎందుకని ఎవరితోటీ కలవలే" అన్నాడు.

అసలు నష్టం అదే. పోయేవాడిననుకున్నవాడు క్లబ్బులో చేరడు, ప్రొఫెసర్ గది తలుపు తట్టడు, పక్క గది పిల్లవాడితో భోజనానికి కూర్చోడు. వేలమంది చదివే యూనివర్సిటీలో అలా ఉన్నా పదిమంది తెలుగువాళ్లు దొరుకుతారు, రోజు గడిచిపోతుంది. ఇక్కడ అలా కాదు. చిన్న కాలేజీ ఇచ్చేదంతా మనుషుల ద్వారానే ఇస్తుంది. మనుషులకు దూరంగా ఉంటే అక్కడ ఇక మిగిలేది మంచూ, ఫీజు రసీదూ.

పోనీ, మారడమైనా తేలికా అంటే కాదు. బయటి దేశాల పిల్లలకు మొదటి ఏడాదిలో వచ్చే స్కాలర్‌షిప్ మధ్యలో చేరేవాళ్లకు చాలాచోట్ల రాదు, వచ్చినా బాగా తక్కువ. చదివిన క్రెడిట్లన్నీ, అంటే పాసైన కోర్సులకు వచ్చే లెక్కంతా, కొత్త కాలేజీ ఒప్పుకోదు. సగం క్రెడిట్లైనా తమ దగ్గరే చదవాలనే కాలేజీలు చాలా ఉన్నాయి. మా పిల్లాడికి టెక్సాస్‌లో సీటు వచ్చింది కానీ రూపాయి సాయం రాలేదు, క్రెడిట్లలో దాదాపు సగం పోయాయి. మూడు సెమిస్టర్ల తర్వాత తిరిగొచ్చేసి, తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల దోస్త్‌లో దరఖాస్తు పెట్టుకుని ఇక్కడ డిగ్రీ మొదటి ఏడాదిలో కూర్చున్నాడు. వాళ్ల నాన్న అమ్మిన ఎకరం మాత్రం తిరిగి రాలేదు.

దూరం సంగతి

మ్యాప్‌లో చూసి దూరాన్ని అంచనా వేయకండి. అయోవా రాష్ట్రంలో గ్రిన్నెల్ అని పేరున్న కాలేజీ ఉంది. అది ఉన్న ఊరి జనాభా పది వేల లోపే, మన దేవరకొండ అంత కూడా కాదు. దగ్గర్లోని నగరం డిమోయిన్ దాదాపు తొంభై కిలోమీటర్లు, అంటే ఇంచుమించు నల్గొండ నుంచి హైదరాబాద్ వెళ్లినంత. తేడా ఏమిటంటే మనకు బస్టాండుకు వెళ్తే చాలు, ఏదో ఒక బస్సు దొరుకుతుంది. అక్కడ కారు లేనివాడు ఎవరో ఒకరిని అడగాలి. అడగడానికి పరిచయం ఉండాలి. పరిచయం పెంచుకోవాలంటే మారిపోతాననే ఆలోచన ఉండకూడదు.

"కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌లో రెండేళ్లున్నాడు, అలవాటే" అని చాలామంది తల్లిదండ్రులు నాతో అంటారు. ఎల్బీ నగర్ హాస్టల్‌లో ఒక్క నిమిషం ఒంటరిగా ఉండనివ్వరు. స్టడీ అవరుకు లేపేది వాళ్లే, భోజనానికి గంట కొట్టేది వాళ్లే. ఆ చిన్న కాలేజీలో మధ్యాహ్నం మూడింటికి క్లాసు అయిపోతే మర్నాడు పది దాకా ఎవరూ అడగరు. ఈ రెండూ ఒకటి కాదు. పిల్లవాడు ఆదివారం పూట ఫోన్ పక్కన పెట్టి తనంతట తాను ఏం చేస్తాడో ఒక నెల గమనించండి. హాస్టల్ అనుభవం కంటే అది ఎక్కువ చెబుతుంది.

డబ్బు సంగతి

స్కాలర్‌షిప్ అంకె చూడకండి, మనం కట్టాల్సింది చూడండి. ఏడాదికి మొత్తం ఖర్చు 70 వేల డాలర్లు, స్కాలర్‌షిప్ 40 వేలు అనుకుందాం. మిగిలిన 30 వేలకు డాలరు 85 రూపాయల చొప్పున లెక్కేసినా ఏడాదికి 25 లక్షల 50 వేలు. చాలామంది దీన్నే నాలుగుతో గుణించి ఆగిపోతారు. ఫీజు ఏటా పెరుగుతుంది, స్కాలర్‌షిప్ చాలాసార్లు పెరగదు. ఏటా నాలుగు శాతం పెరిగితే నాలుగో ఏడాదికి మనం కట్టేది 38 వేల డాలర్లు దాటుతుంది. స్కాలర్‌షిప్ నిలవాలంటే ఎంత జీపీఏ (మార్కుల సగటు) ఉండాలో, ఫీజుతో పాటు అది పెరుగుతుందో లేదో కాలేజీని మెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

పార్ట్‌టైం జాబ్ మీద ఆశ పెట్టుకోకండి. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటల లోపే పని చేయాలి. అనుమతి లేకుండా బయట పనిచేస్తే వీసాకే ఎసరు.

కాలేజీ నాలుగేళ్లు నిలబడుతుందా అన్నది కూడా చూడాలి. న్యూయార్క్ రాష్ట్రంలో అరోరా అనే పల్లెలో 1868 నుంచి నడిచిన వెల్స్ కాలేజీ, 2024 ఏప్రిల్ 29న, ఆ సెమిస్టర్‌తోనే మూసేస్తున్నామని ప్రకటించింది. మే 1కి రెండు రోజుల ముందు! సుపీరియర్ సరస్సు ఒడ్డున నార్త్‌లాండ్ కాలేజీ 2025లో మూతపడింది. చిన్నవీ, దూరంగా ఉన్నవీ, పెద్ద నిధి లేనివీ ముందు పడుతున్నాయి. నార్త్‌లాండ్ లాంటిదేనా, గ్రిన్నెల్ లాగా పెద్ద నిధి ఉన్నదా అన్నది వెతికితే దొరుకుతుంది. అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్ కాలేజ్ నావిగేటర్‌లో మొత్తం ఎంతమంది చదువుతున్నారో, మొదటి ఏడాది పిల్లల్లో ఎందరు రెండో ఏడాదికి తిరిగొచ్చారో ఉంటుంది. ఆ రెండో అంకె తప్పకుండా చూడండి. కాలేజీకి గుర్తింపునిచ్చే అక్రెడిటేషన్ సంస్థ హెచ్చరిక ఏమైనా ఇచ్చిందేమో కూడా చూడండి.

ఇక వరసగా చెప్తాను, రాసుకోండి.

ఇంజనీరింగ్ కావాలంటే ముందే తేల్చుకోండి. చాలా లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో అది ఉండదు. మూడేళ్లు ఆ కాలేజీలో, రెండేళ్లు వేరే యూనివర్సిటీలో అనే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. దాని అర్హతలు చదవకుండా నమ్మకండి.

కంప్యూటర్ సైన్స్ ఉందని రాసుంటే సరిపోదు. గత రెండేళ్ల టైం టేబుల్ తీసి ఏ కోర్సులు నిజంగా నడిచాయో, ప్రొఫెసర్లు ఎందరున్నారో లెక్కపెట్టండి. ముగ్గురే ఉంటే ఒకరు సెలవు మీద వెళ్లినా కోర్సు ఆగుతుంది.

ఎకనామిక్స్ చదివేవాళ్లు వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద కోర్సు కోడ్ చూడండి. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కిందికి వస్తే చదువయ్యాక అక్కడ పనిచేయడానికిచ్చే అనుమతి ఓపీటీ 12 నెలలకు మరో 24 నెలలు కలిసే అవకాశం ఉంటుంది. రాకపోతే 12తో సరి.

డిసెంబరు సెలవుల్లో హాస్టల్ తెరిచి ఉంటుందా? మెస్ ఉంటుందా? లేకపోతే పిల్ల ఎక్కడ ఉంటుంది? ఈ మూడింటికీ జవాబు రానిదే డిపాజిట్ కట్టకండి.

గదిలో రైస్ కుక్కర్ ఒప్పుకోరని తెలుసుకునే పంపండి. చాలా హాస్టళ్ల నిబంధన అదే.

చిన్న క్లాసులో వెనక బెంచీ ఉండదు. రోజూ నోరు విప్పాలి, వారం వారం వ్యాసాలు రాయాలి. రెండేళ్లు ఆప్షన్లు టిక్ పెట్టిన పిల్లలకు మొదటి సెమిస్టర్ చాలా టెన్షన్‌గా ఉంటుంది. ఇప్పటినుంచే వారానికి రెండు పేజీలు రాయించండి.

అక్కడ చదువుతున్న మన దేశపు పిల్లలు ఇద్దరితో మాట్లాడించండి. కాలేజీ వాళ్లు కలిపించినవాళ్లు ఒకరు, మీరే వెతుక్కున్నవాళ్లు ఒకరు. ఫిబ్రవరి ఎలా ఉంటుందని అడగండి. మీరు పక్కన కూర్చోకండి.

కన్సల్టెన్సీకి ఆ కాలేజీ నుంచి కమీషన్ వస్తుందా అని ముఖాన అడగండి.

పక్కింటివాళ్లకు చెప్పుకోవడానికి పంపకండి.

మారొచ్చులే అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. అమ్మ నోటా వద్దు, అమెరికాలో ఉన్న బాబాయి నోటా వద్దు. ఆ మాట లేకుండా ఈ కాలేజీ నచ్చితేనే పంపండి. ఆ మాట ఉంటేనే నచ్చుతోందంటే అది నచ్చనట్టే.

ఆ పెద్దాయనతో కూడా ఇదే చెప్పాను. "అమ్మాయిని అడిగారా, మారడం కుదరదంటే వెళ్తావా అని?" అన్నాను. కాసేపు లెటర్ వైపు చూస్తూ కూర్చుని, అడగలేదన్నారు. రేపు సాయంత్రం అమ్మాయిని తీసుకొస్తానన్నారు.